తోడికోడళ్ళ కథ, పాతికేళ్ళ తగువు

తొంభైలలో స్త్రీల మధ్య ప్రేమను చూపిన సినిమాలు నాలుగింటిని వరుసగా వేద్దామని విశాఖలో ఒక ఫిల్మ్ క్లబ్బు తలపెట్టింది. మూడు విదేశీ సినిమాలకు హాలు వారు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. నాలుగోది దీపా మెహతా తీసిన ‘ఫైర్’, ఢిల్లీలో ఒకే ఇంటి తోడికోడళ్ళిద్దరి ప్రేమ కథ. దాని పేరు పోస్టరు మీదికి ఎక్కిన మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆ ఒక్కటీ తీసేస్తే మిగతావి వేసుకోవచ్చని హాలు యాజమాన్యం అంటోంది. క్లబ్బులోని పెద్దలు కొందరు మధ్యేమార్గం ఒకటి చూపించారు. ఇది స్త్రీల ఒంటరితనం గురించిన సినిమా అని ప్రకటనలో రాస్తే గొడవ సద్దుమణుగుతుందని వారి ఆలోచన. క్లబ్బులోని అమ్మాయిలు ససేమిరా అంటున్నారు. బయటి నుంచి వచ్చిన ఫోన్ల సంగతి అలా ఉంచితే, ఇప్పుడు లోపలి తగువే ముదిరింది.

దీపా మెహతా ఎవరు, సినిమా 1996లో టొరంటో ఉత్సవంలో మొదట ఎలా ప్రదర్శితమైంది, షబానా ఆజ్మీ, నందితా దాస్ ఎలా నటించారు, ఏ.ఆర్. రెహమాన్ సంగీతం ఎలా ఉంది అన్నవి వందసార్లు రాసినవే. వాటిని పక్కన పెడదాం. ‘ఫైర్’ ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికలు శివసేన దాడిలో థియేటరు అద్దాలు పగిలిన రోజు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి. నా లెక్కలో అసలు మలుపు ఆ తర్వాత ఐదు రోజులకు వచ్చింది. 1998 డిసెంబరు 7, ఢిల్లీ, రీగల్ థియేటరు ముందు.

ఆ సాయంత్రం కొవ్వొత్తులతో నిలబడ్డవారిలో దీపా మెహతా ఉన్నారు, ముప్పైరెండు సంస్థల వారు ఉన్నారు. పౌరహక్కుల సంఘాలు, మహిళా సంఘాలు, రచయితలు, కళాకారులు. చాలామంది చేతుల్లోని ప్లకార్డులు భావప్రకటన స్వేచ్ఛ గురించీ, గూండాయిజం గురించీ మాట్లాడుతున్నాయి. వాటి మధ్య కొందరు స్త్రీలు వేరే ప్లకార్డులు ఎత్తారు. వాటిలో ఒకదాని మీద ఉన్నవి మూడే మూడు ఇంగ్లిషు మాటలు: తాము భారతీయులమనీ, లెస్బియన్లమనీ. మర్నాడు పత్రికల్లోకి ఎక్కింది ఆ ప్లకార్డే.

అప్పటి చట్టం సంగతి గుర్తుంచుకోవాలి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్, 1860 నాటి శిక్షాస్మృతిలోది, చెక్కుచెదరకుండా ఉంది. స్త్రీల మీద ఆ సెక్షన్ కింద కేసులు నడిచింది అరుదే అయినా, ఇంట్లోంచి వెళ్ళిపోయిన ఇద్దరమ్మాయిలను బెదిరించి వెనక్కి తెచ్చుకోవడానికి దాని పేరు చెబితే చాలు. ఇల్లు అద్దెకిచ్చిన వారు, ఉద్యోగం ఇచ్చిన వారు, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు, అందరూ చూసే పత్రికలో ముఖం పడుతుందని తెలిసి కూడా వాళ్ళు అక్కడ నిలబడ్డారు. సినిమాను కాపాడటానికి వచ్చిన గుంపులో తమ గురించి తాము మాట్లాడింది వాళ్ళొక్కరే.

అది నచ్చనివారు ఆ గుంపులోనే ఉన్నారు. సమస్య భావప్రకటనది అయినప్పుడు దీన్ని ఎందుకు మధ్యలోకి తేవడం అని కొందరు అన్నారు. ఇది సమయం కాదని మరికొందరు. దర్శకురాలి మాట కూడా దాదాపు అదే. ఇది లెస్బియన్ సినిమా కాదని, ఒంటరితనం గురించీ, మనిషికి ఉండవలసిన ఎంపిక గురించీ తీసిన సినిమా అని దీపా మెహతా అప్పుడు పదేపదే చెప్పారు. ఆమె ఇబ్బంది అర్థం కానిది కాదు. థియేటర్లు మూతపడుతున్నాయి, వ్యవహారం కోర్టుకెక్కింది, ఎదుటివాళ్ళు సంస్కృతి అంటున్నారు. అలాంటప్పుడు విశాలమైన మాటను గొడుగులా పట్టుకోవాలనే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ గొడుగు కింద ఎవరికి చోటు లేకుండా పోయిందో ప్లకార్డు పట్టుకున్న స్త్రీలకు వెంటనే తెలిసింది. దాడి చేసినవారు సినిమాలో ఏముందో సూటిగా చెప్పారు. సమర్థించినవారు మాత్రం అందులో అది లేదన్నారు.

విశాఖ క్లబ్బులో పెద్దలు సూచించిన వాక్యం ఆ 1998 డిసెంబరు నుంచే వచ్చింది. అమ్మాయిలు కాదంటున్నదీ దాన్నే.

ఇక ఆ వారంలో ముందు జరిగింది. నవంబరులో విడుదలైన సినిమా పెద్ద నగరాల్లో మూడు వారాల పాటు నిండు హాళ్ళతో ఆడింది. ఎక్కడా గొడవ లేదు. డిసెంబరు 2న ముంబై గోరేగావ్‌లోని థియేటరు మీద శివసేన వారు, వారి మహిళా విభాగం ముందు నడవగా, దాడి చేశారు. మర్నాడు ఢిల్లీ రీగల్. అదే రోజు సూరత్‌లో లాఠీలతో బజరంగ్ దళ్ వారు. కలకత్తాలో కూడా ప్రయత్నించారు కానీ అక్కడ టికెట్లు చూసే కుర్రాళ్ళూ, ప్రేక్షకులూ కలిసి ఎదురు తిరిగారు, ఆట ఆగలేదు. ఈ చివరి సంగతి ఎవరూ గుర్తు చేయరెందుకో. మహారాష్ట్ర ముఖ్యమంత్రి మనోహర్ జోషి దాడి చేసినవారిని అభినందించి, ఇతివృత్తం మన సంస్కృతికి పరాయిదన్నారు. డిసెంబరు 4న సినిమా మళ్ళీ సెన్సారు బోర్డుకు వెళ్ళింది. అదే బోర్డు ఆ ఏడాది మే నెలలో ఒక్క కత్తిరింపు కూడా లేకుండా ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చిన సినిమా అది.

ఫోన్లు వస్తున్నాయి కాబట్టి ఆపుతున్నాం అనే హాలు వారు వినవలసిన తీర్పు అప్పటికి తొమ్మిదేళ్ళ పాతది. 1989లో, రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమా కేసులో, సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. సర్టిఫికెట్ పొందిన సినిమా చూపించుకునే హక్కును కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిది, గొడవ చేసే గుంపును అదుపు చేయలేమని ప్రభుత్వం చేతులెత్తేయడానికి వీల్లేదు అని. ‘ఫైర్’ విషయంలో డిసెంబరు 5న దీపా మెహతా, దిలీప్ కుమార్, మహేశ్ భట్ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్ళి అడిగిందీ ఇదే: భద్రత. సరిగ్గా వారానికి, డిసెంబరు 12న, శివసేన కార్యకర్తలు కొందరు దిలీప్ కుమార్ ఇంటి ముందు లోదుస్తులతో బైఠాయించారు. సంస్కృతి పరిరక్షణ ఆ అవతారం ఎత్తింది.

ఒకసారి సర్టిఫికెట్ ఇచ్చిన సినిమాను ప్రభుత్వం మళ్ళీ తిరగదోడే అధికారం చెల్లదని 2000 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 నాటి సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణ ఆ అధికారాన్ని పుస్తకంలోంచే తీసేసింది, సర్టిఫికెట్ గడువును శాశ్వతం చేసింది. అంటే కాగితం మీద చూస్తే 1998 కన్నా ఈ సినిమా ఇప్పుడు భద్రంగా ఉంది. కాగితం ఒక వైపు, ఫోను ఒక వైపు.

అభ్యంతరం చెబుతున్నవారి మాట కూడా చెప్పాలి. మన ఇళ్ళలో లేనిది ఉన్నట్టు చూపిస్తున్నారన్నది వారి ప్రధాన వాదన. 1998లో ఢిల్లీలో నిరసన తెలిపిన ఒకామె, స్త్రీల అవసరాలు ఇలా తీరిపోతే పెళ్ళి వ్యవస్థ కూలిపోతుందని, మనుషులు పుట్టడమే ఆగిపోతుందని భయపడింది. పెళ్ళి మీద ఆమెకున్న నమ్మకం మరీ అంత బలహీనమైనదా అని అడగాలనిపిస్తుంది. దీని కన్నా బరువైన అభ్యంతరం స్త్రీల పత్రిక ‘మానుషి’ సంపాదకురాలు మధు కిష్వర్ నుంచి వచ్చింది. మన ఉమ్మడి కుటుంబాల్లో ఆడవాళ్ళు ఒకరి తలకు ఒకరు నూనె రాసుకుంటారు, ఒకే మంచం మీద పడుకుంటారు, కాళ్ళు పడతారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఈ సినిమా తర్వాత ఆ చనువంతటినీ అనుమానంగా చూసే రోజులు వస్తాయని, చివరికి నష్టపోయేది స్త్రీలేనని ఆమె రాశారు. తెలివైన వాదనే. కానీ ఆ చనువు నిరాటంకంగా సాగాలంటే దాని లోపల ప్రేమ ఉన్న స్త్రీలు ఎప్పటికీ నోరు మెదపకూడదన్న షరతు ఒకటి ఆ వాదనలో దాగి ఉంది.

సినిమా ఈ సంగతిని కిష్వర్ కన్నా ముందే గమనించింది. కుటుంబమంతా పిక్నిక్కుకు వెళ్ళిన దృశ్యం చూడండి. పెద్ద కోడలు రాధ పాదాన్ని చిన్న కోడలు సీత ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతుంది. అత్తగారు చూస్తూనే ఉంటుంది, రాధ భర్త అశోక్ పక్కనే కూర్చుని ఉంటాడు. ఎంత చక్కని కుటుంబం దొరికిందో అన్నట్టు మురిసిపోతాడు కూడా. అందరి కళ్ళ ముందూ జరుగుతున్నది ఏమిటో ఆ ఇద్దరికీ, ప్రేక్షకుడికీ మాత్రమే తెలుసు. అలాగే కర్వా చౌత్ రాత్రి. మన అట్లతద్ది లాంటి ఉపవాసమే, చంద్రుణ్ణి చూశాక భర్త చేతి నీళ్ళతో విడవాలి. సీత భర్త జతిన్ జాడ లేదు, తన పాటికి తాను వేరే అమ్మాయి దగ్గర ఉంటాడు. సీతకు నీళ్ళిచ్చేది రాధ. ఇద్దరి మధ్యా ఏం జరిగిందని అరిచినవారికి ఈ మంచినీళ్ళ గ్లాసు కనిపించినట్టు లేదు.

ఈ కథలో తెలుగువారికి మరింత తెలిసిన విషయం వేరే ఉంది. రాధ, సీత తోడికోడళ్ళు. తోడికోడళ్ళంటే పోట్లాడుకోవాలి, ఉమ్మడి కుటుంబం చీలిపోతే నెపం వాళ్ళ మీద పడాలి. మన సినిమా, మన నాటకం, ఇప్పటి మన టీవీ సీరియల్ ఆ పోట్లాట మీదే బతుకుతున్నాయి. వాళ్ళు పోట్లాడుకోకపోతే ఏమవుతుందన్నది ఎవరూ ఊహించలేదు. మరోవైపు తెలుగు ఆడవాళ్ళ రామాయణపు పాటలు ఉన్నాయి. శూర్పణఖ మారువేషంలో వచ్చి సీత చేత రావణుడి కాలి బొటనవేలు గీయించి, మిగతా బొమ్మ తాను పూర్తి చేసే కథ వాటిలో ఉంది. రాముడికి కోపం వచ్చి సీతను చంపమన్నప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు సీత పక్షాన నిలబడతారు. అక్కడ ప్రేమ లేదు, పొత్తు ఉంది. అయినా సీత పేరు పెట్టుకున్న స్త్రీ చుట్టూ ఆడవాళ్ళు గుమిగూడటం ఎక్కడి నుంచో దిగుమతి అయిన ఊహ కాదని చెప్పడానికి అది చాలు.

పేరు దగ్గరే అసలు రగడ. సెన్సారు బోర్డు కత్తిరింపులు లేకుండా వదిలేసినా ఒక షరతు పెట్టింది. సినిమా ఇంగ్లిషులో తీసినది. హిందీ ప్రతిలో సీత పేరును నీతగా మార్చాలి. ఇంగ్లిషు తెలిసినవారు సీతను తట్టుకోగలరని, హిందీ ప్రేక్షకులు తట్టుకోలేరని ప్రభుత్వ సంస్థ ఒకటి అధికారికంగా తీర్మానించిందన్నమాట. డిసెంబరులో బాల్ ఠాక్రే దీన్ని మరో మెట్టు పైకి తీసుకెళ్ళారు. పాత్రలకు ముస్లిం పేర్లు పెడితే తనకు అభ్యంతరం లేదన్నారు. సంస్కృతి గురించి అప్పటిదాకా చెప్పిన ఉపన్యాసాలన్నిటికీ ఆ మాట తాత్పర్యం. ఆడవాళ్ళు ఏం చేశారన్నది కాదు, ఎవరి ఆడవాళ్ళన్నదే లెక్క.

విశాఖ హాలు విదేశీ సినిమాలను వదిలేసి ఇదొక్కటే పట్టుకోవడానికి కారణం ఇక్కడుంది. అమెరికాలోనో, స్వీడన్‌లోనో ఇద్దరమ్మాయిలు ప్రేమించుకుంటే అది వాళ్ళ గొడవ. రాధ, సీత అయితే పక్కింటి గొడవ. రీగల్ ముందు ఆ ప్లకార్డు మీద లెస్బియన్లమని ఒక్కటే రాసి ఉంటే అంత దుమారం లేచేది కాదు. పక్కన భారతీయులమని కూడా ఉండటమే తంటా.

అయితే ఆ కాలపు విదేశీ సినిమాల్లో కొన్నిటికి కూడా వాటి ఊళ్ళలో పోరాటాలు తప్పలేదు. ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ చిత్రీకరణ జరుగుతుండగా 1991లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్వలింగ ప్రేమికుల సంఘాలు వీధికెక్కాయి. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళందరినీ హంతకులుగా చూపిస్తున్నారని వాళ్ళ ఫిర్యాదు. అక్కడ వీధికెక్కినవారు తమను చూపించిన తీరు బాగాలేదన్నారు, ఇక్కడ వీధికెక్కినవారు అసలు చూపించవద్దన్నారు. 1994లో నలుపు తెలుపుల్లో చిన్న పెట్టుబడితో వచ్చిన ‘గో ఫిష్’ ఎవరినీ చంపకుండా స్నేహితురాళ్ళ కబుర్లతో నడిచిపోయింది. 1996లో షెరిల్ డన్యే ‘వాటర్‌మెలన్ ఉమన్’ తీసింది. దానికి ప్రభుత్వ కళల నిధి నుంచి అందిన 31,500 డాలర్ల మీద అమెరికా చట్టసభలోనే గొడవ లేచింది. ఆ సినిమాలో ఒక నల్లజాతి అమ్మాయి 1930ల నాటి మరుగునపడిన నటి జీవితాన్ని వెతుక్కుంటూ పోతుంది. దొరికిన ఫోటోలు, సాక్ష్యాలు అన్నీ దర్శకురాలు కల్పించినవి. తమ చరిత్రను ఎవరూ భద్రపరచకపోతే తామే తయారుచేసుకోవాలన్నది ఆమె సమాధానం. 1998లో స్వీడన్ నుంచి ‘షో మీ లవ్’ వచ్చింది, చిన్న ఊళ్ళో విసుగెత్తిపోయిన ఇద్దరు బడిపిల్లల కథ. చివర్లో ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని బయటికి నడుస్తారు.

చివర్లో ఏమవుతుందన్నది చిన్న విషయం కాదు. అంతకు ముందు దశాబ్దాల్లో ఇలాంటి పాత్రలకు రాసిపెట్టినవి పిచ్చో, చావో. మన పక్కనే మలయాళంలో 1986లో పద్మరాజన్ తీసిన ‘దేశాటనక్కిళి కరయారిల్ల’లో బడి నుంచి పారిపోయిన ఇద్దరమ్మాయిలు చివరికి చనిపోతారు. ఆ రెండు చావుల మీద కన్నీళ్ళు పెట్టుకోవడం అందరికీ సులువే. ‘ఫైర్’లో రాధ చీరకు నిప్పంటుకుంటుంది, భర్త ఆమెను వదిలి తల్లిని ఎత్తుకుని బయటికి వెళతాడు. అగ్నిపరీక్షలో ఆమె కాలిపోవాలి. కాలిపోదు. దర్గాలో వేచి ఉన్న సీత దగ్గరికి చేరుతుంది. వీళ్ళిద్దరూ చచ్చిపోయి ఉంటే థియేటర్ల అద్దాలు పగిలేవి కావేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

తెలుగు సినిమా తొంభైలలో ఏం చేసిందో చెప్పడానికి ఎక్కువ స్థలం పట్టదు. చీర కట్టిన హీరోలతో నవ్వించింది, నరేశ్, రాజేంద్రప్రసాద్ ఆ వేషాల్లో బాగా నవ్వించారు కూడా. హీరోయిన్ స్నేహితురాలు ఉత్తరాలు మోసింది. తెలుగులో స్త్రీవాద కవిత్వం పైటనూ, వంటింటినీ నిలదీస్తున్న కాలమే అది, కానీ అందులోనూ నిలదీత చాలావరకు మొగుడి చుట్టూనే తిరిగింది. ఇక జగదాంబ కూడలి ప్రాంతంలో ఉదయం ఆటల పోస్టర్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు అక్కడక్కడ నల్ల సిరా పూతతో కనిపించేవారు. ఆ ఆటలకు వెళ్ళేది మగవాళ్ళు. సంస్కృతికి వాటి వల్ల ముప్పు వచ్చిందని ఎవరూ అద్దాలు పగలగొట్టలేదు. మగవాడి వినోదం కోసం చూపిస్తే మార్నింగ్ షో, ఆడవాళ్ళు తమ కోసం తాము బతికితే శాంతిభద్రతల సమస్య.

డిసెంబరు 7 తర్వాత ఏమైందన్నది కూడా అద్దాల కథల్లో కనిపించదు. సినిమా 1999 ఫిబ్రవరి 12న మరోసారి కత్తిరింపులు లేకుండా బోర్డు దాటింది, 26 నుంచి థియేటర్లలో మళ్ళీ ఆడింది, చడీచప్పుడూ లేదు. సినిమా వారు తమ పనుల్లో పడిపోయారు. ప్లకార్డు పట్టుకున్నవారు మాత్రం ఇళ్ళకు వెళ్ళిపోలేదు. ‘క్యాలెరీ’ అనే పేరుతో ఢిల్లీలో లెస్బియన్ హక్కుల ప్రచారోద్యమం నిలబెట్టారు, 1999 ఆగస్టులో ఒక నివేదిక అచ్చువేశారు. దాడి చేసినవారి గురించే కాదు, తమ పక్కన నిలబడి తమను నోరు మూసుకోమన్నవారి గురించి కూడా అందులో రాశారు. 2001లో నాజ్ ఫౌండేషన్ 377 మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2009లో గెలుపు, 2013లో సుప్రీంకోర్టులో ఓటమి, 2018 సెప్టెంబరు 6న మళ్ళీ గెలుపు. పెళ్ళి హక్కు మీద 2023 అక్టోబరులో కోర్టు చట్టసభ వైపు వేలు చూపించింది. ఈ వరుసలో సినిమా వాటా ఎంతని కొలవడం కష్టం. రీగల్ ముందు ఆ స్త్రీలు పెద్దల మాట విని ప్లకార్డులు మడిచి సంచుల్లో పెట్టుకుని ఉంటే ఈ వరుస ఇలా ఉండేది కాదని మాత్రం అనగలను.

ఒక విషయంలో క్లబ్బులోని అమ్మాయిలు కూడా సినిమాను వెనకేసుకు రావడం లేదు. మొగుళ్ళు సరిగా చూసుకోలేదు కాబట్టి ఆడవాళ్ళు ఒకరికొకరు దగ్గరయ్యారన్న భావన ‘ఫైర్’లో ఉంది. అప్పట్లోనే లెస్బియన్ విమర్శకులు దీన్ని తప్పుబట్టారు. అశోక్ బ్రహ్మచర్యం మానేసి, జతిన్ బుద్ధిగా ఇంటికి వచ్చి ఉంటే రాధ, సీత ప్రేమించుకునేవారు కాదా? ఒంటరితనం గురించిన సినిమా అని ప్రకటనలో రాస్తే సరిగ్గా ఈ లోపాన్నే సినిమా అర్థంగా ఖాయం చేసినట్టవుతుంది. ప్రదర్శన తర్వాత చర్చలో ఆ ప్రశ్న అడుగుదామని వాళ్ళు కూర్చుని ఉంటే, పెద్దలు జవాబును పోస్టరు మీదే అచ్చువేస్తామంటున్నారు.

ఫోన్లు చేసినవారిలో ఎవరూ పేరు చెప్పలేదు, కాగితం మీద రాసి ఇచ్చిందీ లేదు. హాలు యాజమాన్యం నిన్న మరో మెట్టు దిగివచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండినవారినే లోపలికి పంపుతామని క్లబ్బు రాసివ్వాలి, హిందీ ప్రతి వేయాలి, అలాగైతే ఆలోచిస్తామంది. మొదటిదానికి క్లబ్బు వెంటనే ఒప్పుకుంది, ‘ఎ’ సర్టిఫికెట్ అంటే అర్థం ఎలాగూ అదే. రెండోదాని మీద ఇవాళ సాయంత్రం సమావేశం ఉంది. క్లబ్బు దగ్గర ఉన్నది ఇంగ్లిషు ప్రతి, అందులో ఆమె పేరు సీతే.